దుబాయి రవికె మెడ ముక్క

నా చిన్నప్పుడు మా వాడలో దండెం మీద ఆరేసిన రవికెను చూసి అది ఎవరిదో టక్కున చెప్పేదాన్ని. అందులో నా గొప్పతనమేమీ లేదు. ఎల్లారెడ్డిలో మా వాడ ఆడవాళ్లంతా మా బాపు దగ్గరే కుట్టించుకునేవాళ్లు. ఏ బట్ట ఎవరింటి నుంచి వచ్చిందో, ఎవరికి మెడ లోతుగా కావాలో, ఎవరికి చేతులు మోచేతి దాకా కావాలో అన్నీ నా కళ్ల ముందే జరిగేవి. కానీ చిన్నపిల్లను కదా, ఆ తెలివంతా నా సొంతమే అనుకుని బడిలో తెగ గొప్పలు పోయేదాన్ని. ఆ గుణం నాకు పుట్టుకతో వచ్చింది. అరవై దగ్గర పడ్డా పోలేదు. కాకపోతే అప్పుడు దేనికి పడితే దానికి గొప్పలు పోయేదాన్ని, ఇప్పుడు ఒక్కదానికే పోతాను. అదేమిటో చెప్పడానికే ఇదంతా.

మా ఇల్లు చిన్నదే. రోడ్డు వైపు అర్ర బాపు దుకాణం. అందులో ఒక మిషను, బట్ట కోసే బల్ల, కుట్టాల్సిన బట్టల దొంతర. లోపలి అర్రలో మా అమ్మ, మా అవ్వ ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. అవ్వ అంటే బాపు వాళ్లమ్మ. ఆమె చేతులు ఆగడం నేను చూసి ఎరగను. మాట్లాడుతున్నా, కసురుతున్నా, కూర్చున్నచోటే కునుకు తీస్తున్నా ఆ వేళ్లు ఆకును మడిచి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేసేవి. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పేటప్పుడు ఒకటి పొట్టిగా ఉన్నా, వదులుగా ఉన్నా పక్కకు తీసి పారేస్తారు. అందుకే తునికాకు మీద ఒక రేకు ముక్క పెట్టి, సరిగ్గా దాని కొలతకే ఆకు కత్తిరిస్తారు. రేకు బయట మిగిలిన ఆకంతా చెత్తే. బీడీలు చుట్టే ఇంట్లో పుట్టిన పిల్లలకు అక్షరాల కంటే ముందు ఆ రేకే తెలుస్తుంది.

బాపుది ఒక పద్ధతి ఉండేది. బట్ట తెచ్చినప్పుడే ఎంత సరిపోతుందో, ఎంత మిగులుతుందో చెప్పేసేవాడు. మిగిలిన పొడుగు ముక్కను రవికె మడతలోనే పెట్టి ఇచ్చేవాడు. మెడ దగ్గర, చంకల దగ్గర, చేతుల దగ్గర వంపుగా కోసి తీసేసిన చిన్న ముక్కలు మాత్రం మిషను కింద అట్టపెట్టెలో పడేవి. వాటిని ఎవరూ అడిగేవాళ్లు కాదు, బాపు ఇచ్చేవాడూ కాదు. పెట్టె నిండితే ఎవరో ఒకరు తలకింది మెత్తలో కూరుకోవడానికి పట్టుకుపోయేవాళ్లు. ఊళ్లో ఏ దర్జీ దగ్గరైనా ఇంతే కాబట్టి ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

నాకు పదో ఏడు నడుస్తుండగా ఒకరోజు మా అమ్మ తడిగుడ్డతో అన్నం గిన్నె దించబోతే ఆవిరి కొట్టి వేళ్లు బొబ్బలెక్కాయి. బీడీలు చుట్టే మనిషికి వేళ్లు కాలితే ఇంకేముంది. నాలుగు రోజులు చాట ముట్టలేక, ఊరికే కూర్చోలేక ఆమె పడ్డ అవస్థ చూసి నాకు ఏడుపొచ్చింది. పొయ్యి మీది గిన్నెలు దించడానికి మందంగా ఒక మసిబట్ట కుట్టి ఇవ్వాలని అప్పుడే అనుకున్నాను. సూదిలో దారం ఎక్కించడం, చేతికుట్టు వేయడం బాపు కాళ్ల దగ్గర కూర్చుని ఎప్పుడో నేర్చుకున్నాను. బట్టకు కొదవేముంది, అట్టపెట్టె నిండా ఉంది.

పెట్టెను బోర్లించి చూస్తే ఒక్క ముక్కా సక్కగా లేదు. ఒకటి నెలవంకలా ఉంటే ఇంకొకటి సగం కొరికిన రొట్టెలా ఉంది. రెండింటిని కలిపి కుడదామంటే అంచుకు అంచు కుదరదు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. అవ్వ చాటలోంచి ఆకు కత్తిరించే రేకు తెచ్చి, ఒక్కో ముక్క మీద పెట్టి, చుట్టూ కత్తిరించేశాను. అన్నీ ఒకే కొలత, అన్నీ నిటారు అంచులు. నిలువుగా మూడు, అడ్డంగా రెండు చొప్పున ఆరు ముక్కలు కలిపి కుట్టి, వెనక బాపు పాత పంచె గుడ్డ వేసి, కత్తిరించగా మిగిలిన వంకర పీలికలను లోపల దూర్చి, నాలుగు వైపులా మూసేశాను. పదేళ్ల పిల్ల చేతికి అది బాగానే కుదిరింది. ఇంత తెలివి ఊళ్లో ఇంకెవరికీ లేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అమ్మ ఆ మసిబట్టతో గిన్నె దించి, చెయ్యి కాలలేదని నా తల నిమిరింది. పక్కింటివాళ్లు చూసి మాకూ ఒకటి కుట్టవా అన్నారు. అడగనివాళ్లకు కూడా నేనే కుట్టి ఇచ్చాను. బడి నుంచి రాగానే సూది పట్టుకునేదాన్ని. దసరా దగ్గర పడుతోంది, బాపుకు ఊపిరాడని పని, పెట్టె రెండు రోజులకోసారి నిండేది. నేను ముక్కలు తీసుకుంటున్నానని బాపుకు తెలుసు కానీ తల ఎత్తి చూసే తీరిక లేదు.

ఆ పెట్టెలోకి ఒకరోజు దుబాయి బట్ట వచ్చి పడింది. మా ఎదురింటి పెద్దమ్మ భర్త మూడేళ్లుగా దుబాయిలో ఉండేవాడు. ఆయన తిరిగి రాలేదు కానీ సెలవు మీద వచ్చిన పక్క ఊరి మనిషితో ఒక రవికె బట్ట పంపాడు. ఆకాశం రంగు, దాని మీద తెల్లని తీగ ఎక్కడా తెగకుండా మెలికలు తిరుగుతూ బట్టంతా పాకి ఉండేది. పెద్దమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టింది. మీటరు కంటే వేలెడు కూడా ఎక్కువ లేదు, జాగ్రత్తగా కోయమని బాపుకు మరీ మరీ చెప్పింది. బాపు సుద్దతో గీసి, చెరిపి, మళ్లీ గీసి, అప్పుడు కోయడానికి కైంచి పట్టాడు. రవికెకు బట్ట సరిపోయింది, మడతలో పెట్టి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదని చెప్పే ఇచ్చాడు. కామారెడ్డిలో చుట్టాల పెళ్లికి పెద్దమ్మ ఆ రవికె తొడుక్కుని పోతే, అక్కడ ఆడవాళ్లంతా చెయ్యి పెట్టి చూశారట.

ఆ బట్ట ముక్కలు పెట్టెలో కనబడగానే నా చేతులు ఊరుకోలేదు. రేకు పెట్టి కత్తిరిస్తే ఆరు ముక్కలొచ్చాయి. అన్నీ ఒక్కదానికే ఎందుకని ఆరు మసిబట్టలకు ఒక్కోదానికి ఒక మూల ఒక్కటే పెట్టి, ఆరిళ్లకు ఇచ్చాను. ఊరికే ఇచ్చినా బాగుండేది. ఇది మామూలు మసిబట్ట కాదు, దుబాయి ముక్క వేసిన మసిబట్ట అని ప్రతి ఇంట్లో చెప్పి మరీ ఇచ్చాను. నా నోరే నన్ను పట్టించింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే పెద్దమ్మ మా దుకాణం మెట్టెక్కింది. అరవలేదు, తిట్టలేదు. అప్పటికే దుకాణంలో నలుగురు ఆడవాళ్లు కొలతలిస్తూ, బట్టలు చూపిస్తూ ఉన్నారు. పెద్దమ్మ ఆ ఆరిళ్లలో అడిగి తెచ్చిన ఆరు మసిబట్టలు కొంగులోంచి తీసి బల్ల మీద వరసగా పేర్చింది. కొన్నింటికి అప్పటికే మసి అంటింది. ప్రతి దానికి ఒక మూల నీలం ముక్క, ఆరూ సమానం, అంచులు గీత గీసినట్టు ఉన్నాయి.

“మరిది, నా మనిషి ఎడారిల చెమట కార్చి పంపిన బట్ట ఇది” అంది. “సరిగ్గ సరిపోయింది, ఏం మిగల్లేదన్నవ్. ఇగో, మిగిలిందంత వాడల పొయ్యిల కాడ మసి తుడుస్తున్నది.”

బాపు ఒక మసిబట్ట తీసుకుని తిప్పి చూశాడు. ఆయన ముఖంలో రంగు మారడం నేను తలుపు సందులోంచి చూశాను. ఇన్నేళ్ల కైంచి ఆయనది. వంపు లేకుండా, రెండు వైపులా నిటారుగా ఉన్న ముక్కలు రవికె కోస్తే ఎక్కడి నుంచి వస్తాయి? నిండు బట్టలోంచి పక్కకు తీసి దాచుకుంటే తప్ప రావు. అది ఆయనకూ తెలుసు, అక్కడున్న ఆడవాళ్లకూ తెలుసు. ఒకామె దొంతరలోంచి తన బట్టను మెల్లగా లాగి చంకలో పెట్టుకుంది. ఆమెను చూసి ఇంకొకామె కూడా తనది తీసుకుంది. బట్ట కాజేసే దర్జీ అన్న పేరు ఒక్కసారి వచ్చిందంటే ఎల్లారెడ్డిలోనే కాదు, చుట్టుపక్కల ఊళ్లలో కూడా ఎవరూ మీటరు గుడ్డ చేతికియ్యరు. పదేళ్లదాన్నైనా నాకు అంతవరకు అర్థమైంది.

బాపు తలుపు వైపు చూశాడు. సందులో నా గౌను కనబడే ఉంటుంది. నా బిడ్డ తీసుకుంది, దాన్ని అడగండి అంటే సరిపోయేది, చెంప మీద ఒక్కటి కొట్టి ఆ కోపమంతా నా మీదికి మళ్లించినా సరిపోయేది. ఆయన ఆ రెండూ చేయలేదు.

“ముక్కలు నా దుకాణంలవే వదినె” అన్నాడు. “ఎట్లొచ్చినయో నాకు ఎర్క లేదు. కని జవాబు మాత్రం నాదే.”

చెప్పాలనే ఉంది, నోరు పెగల్లేదు. ఇల్లిల్లూ తిరిగి గొప్పలు చెప్పిన నోరు అది. నేను చేసింది తెలివైన పని అనే ఇంకా అనుకుంటున్నాను, దాని వల్ల బాపు ఎందుకు దొంగ అవుతున్నాడో మాత్రం తెలియడం లేదు.

అప్పుడు లోపల అవ్వ చేతులు ఆగిపోయాయి. చాటను పక్కన పెట్టి, ఒళ్లో తంబాకు దులుపుకుని లేచి దుకాణంలోకి వచ్చింది. బల్ల మీది మసిబట్టను ఒకటి తీసుకుని, బీడీ గట్టిగా ఉందో లేదో చూసినట్టు బొటనవేలితో మూలమూలా నొక్కింది. నన్ను పేరు పెట్టి పిలిచింది. వచ్చి ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను.

“లోపట నిండుగ ఉన్నది. ఏం పెట్టినవ్ బిడ్డ?”

పీలికలు అని చెప్పాను. ఏ పీలికలు అంది. రేకు పెట్టి కత్తిరిస్తే మిగిలిన వంకర పీలికలు అన్నాను. అవ్వ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, లోపలికి పోయి ఆ రేకు తెచ్చింది. నీలం ముక్క మీద పెడితే గీతకు గీత సరిపోయింది. చూస్తున్న ఆడవాళ్లలో ఒకరిద్దరు నిట్టూర్చారు, వాళ్లవీ బీడీలు చుట్టే చేతులే. పిల్ల పని కదా, పోనీలే అని ఒకామె అనబోయింది. అవ్వ ఒప్పుకోలేదు. రేకు పెట్టి నిండు బట్టను కూడా కోయొచ్చు, ఇంతమాత్రాన నా కొడుకు తప్పు లేదని తేలదు అంది. ఎదురింటికి పోయి ఆ రవికె తెమ్మని పెద్దమ్మను అడిగింది.

రవికె వచ్చేలోపు అవ్వ నా చేతికి సగం బ్లేడు ఇచ్చింది, బాపు కుట్లు విప్పడానికి వాడేది.

“నువ్వు కుట్టినవ్, నువ్వే ఇప్పు.”

ఆ ఆరు మసిబట్టలూ నాకు ప్రాణం. వాటి ప్రతి కుట్టు నాకు గుర్తుంది, వేలికి ఎక్కడ గుచ్చుకుందో కూడా గుర్తుంది. అంతమంది ముందు కింద కూర్చుని ఒక్కో కుట్టూ తెంపుతుంటే కళ్లలో నీళ్లు తిరిగి బ్లేడు కనబడలేదు. అయినా ఆపలేదు. బాపు బల్లకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను తొందరగా విప్పితే ఆయన తొందరగా కూర్చుంటాడు అన్నదొక్కటే నా బుర్రలో ఉంది.

లోపలి నుంచి రంగురంగుల పీలికలు బయటపడ్డాయి. వాటిలోంచి నీలం పీలికలను అవ్వ ఏరింది. పెద్దమ్మ రవికె తెచ్చి చాప మీద పరిచింది. అవ్వ నన్నే పక్కన కూర్చోబెట్టుకుని, ఒక నీలం ముక్క తీసుకుని దాని పక్కకు వంకర పీలిక జరిపి చూడమంది. మొదటిది కుదరలేదు. రెండోది జరపగానే అంచుకు అంచు అతుక్కుంది. ఇంకొక వైపు ఇంకో పీలిక. రేకు మింగేసిన వంపు మళ్లీ బయటికొచ్చింది. దాన్ని తీసుకుపోయి రవికె వెనక మెడ ఖాళీలో పెడితే, చుట్టూ కుట్టులోకి పోయిన సన్నని జాగా తప్ప ఆ ఖాళీ నిండిపోయింది. రవికె మీద మెడ అంచున తెగిపోయిన తెల్లని తీగ, ఆ సన్నని జాగా దాటి ముక్క మీద అదే మెలికతో ముందుకు సాగింది.

నేను ఏడుపు మరిచిపోయాను. ముందు మెడ ముక్కలు రెండు పెట్టాను, చేతుల దగ్గరివి రెండు పెట్టాను. ప్రతిసారీ తీగ తన దారి తాను వెతుక్కుని కలుసుకుంది. బట్ట తీసుకుని చంకలో పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా కింద కూర్చుని, ఆ పీలిక కాదు ఈ పీలిక పెట్టు అని నాకు అందివ్వసాగారు. ఆరో ముక్క చంక దగ్గరిది. దానికి ఒక పక్క పీలిక దొరికింది, రెండో పక్కది దొరకలేదు. ఎడమ చంక దగ్గర రెండు వేళ్ల మేర ఖాళీ మిగిలిపోయింది.

పెద్దమ్మే ముందుగా, చాలు అత్తా, నాకు తెలిసింది, ఇంక వద్దు అంది. అవ్వ వినలేదు.

“ఒక్క మూల ఖాళీగ ఉన్నా, రేపు ఎవలో ఒకలు గా మూలనే సూపిస్తరు. నిండాలె.”

ఆ పీలిక ఏమైందో నాకు హఠాత్తుగా గుర్తొచ్చింది. లోపలికి ఉరికి, బడి సంచి కుమ్మరించి, పలక తుడిచే గుడ్డ పట్టుకొచ్చాను. అందంగా ఉందని ఆ ఒక్క పీలికను నాకోసం ఉంచుకున్నాను. బలపం దుమ్ముతో తెల్లగా అట్టకట్టి ఉంది. అవ్వ దాన్ని దులిపి, వేలితో సాఫు చేసి నా చేతికిచ్చింది. చంక దగ్గర పెట్టాను. దుమ్ము కింద సగం చెరిగిన తీగ వచ్చి కలిసింది. రవికె నిండు బట్టయింది. ఎక్కడా రవ్వంత లోటు లేదు.

పెద్దమ్మ చాలాసేపు ఆ తీగ మీద వేలు పెట్టి తిప్పుతూ కూర్చుంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. అది బాపు గురించో, దుబాయిలో ఉన్న మనిషి గురించో నాకు ఇప్పటికీ తెలియదు.

“నోరు జారిన మరిది” అంది చివరికి.

బాపు అప్పుడు కూర్చున్నాడు. నేనైతే ఆ గెలుపును పట్టుకుని వాడంతా తిరిగేదాన్ని. ఆయన మంచినీళ్లు తెమ్మన్నాడు, తాగాడు, అప్పుడు మాట్లాడాడు.

“నీ బట్ట నువ్వు అడిగితే తప్పేంది వదినె? మెడ ముక్క గూడ నీదే. ఇయ్యకపోవుడు నాదే తప్పు. ఇప్పటి సంది చిన్న పీలికైనా వాపస్ ఇస్త.”

ఆ ఇద్దరు ఆడవాళ్లు తమ బట్టలను మళ్లీ దొంతరలో పెట్టారు. ఒకామె పైన కాకుండా, అసలు తీయనేలేదన్నట్టు ఇంతకుముందు ఉన్నచోటే, అడుగున పెట్టింది. బాపు అది చూసీ చూడనట్టు మిషను దగ్గరికి పోయాడు. వెంటనే తొక్కలేదు. కాసేపు చక్రం మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

నాకు దెబ్బలు పడలేదు. పడితే బాగుండునని కూడా అనిపించింది. మర్నాడు మధ్యాహ్నం బడి లేకపోతే అవ్వ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. ఆ నీలం ముక్కలూ పీలికలూ పెద్దమ్మ మా ఇంట్లోనే వదిలిపోయింది, పిల్ల చేత మళ్లీ కుట్టించమని చెప్పి. అవ్వ వాటిని ముందు వేసి రెండు మాటలు చెప్పింది. మొదటిది, అడగకుండా ఒకరి గుడ్డ పీలిక కూడా ముట్టొద్దని. చెత్తలో ఉన్నా సరే, అది ఎవరి ఒంటి మీది బట్టో వాళ్లను అడగాలని. రెండోది చెబుతూ రేకును నా చేతిలోంచి తీసుకుని తన చాటలో పెట్టేసుకుంది.

“ఆకుకు రేకు గావాలె బిడ్డ. బట్టకు వద్దు. దాని వంకరే దాని గుర్తు. నువ్వు గది కోసేస్తే అది ఎక్కడ్నుంచి ఒచ్చిందో ఎవలకు సెప్పుకుంటది?”

ఆ తర్వాత ఆమె నాకు వంపును వంపుతో కలపడం నేర్పింది. నాలుగు మెడ ముక్కలను వీపుకు వీపు చేర్చి కుడితే పువ్వు రెక్కల్లా విచ్చుకుంటాయి. చంక ముక్కలను ఒకదాని తర్వాత ఒకటి చుట్టూ తిప్పితే గుండ్రని మసిబట్ట తయారవుతుంది, పక్కన గిన్నె దించుకోవడానికి కుదురులా కూడా పనికొస్తుంది. కుట్టడం కష్టం. అంచు సాగుతుంది, ముడత పడుతుంది, విప్పి మళ్లీ కుట్టాలి. మొదటిది పూర్తి చేయడానికి నాకు అయిదు రోజులు పట్టింది. దాన్ని పెద్దమ్మకు ఇచ్చాను. ఈసారి నోరు మూసుకుని ఇచ్చాను. గొప్పలు చెప్పే పని ఆమే తీసుకుంది. పొయ్యి దగ్గర పెట్టకుండా, కార్ఖానాకు పోయేటప్పుడు బీడీ కట్టల మీద కప్పుకుని పోయి, అక్కడ వరసలో కూర్చున్నవాళ్లందరికీ ఇదిగో నా దుబాయి రవికె మెడ, ఇదిగో చంక అని వేలుపెట్టి చూపించిందట.

దసరా నాటికి మా దుకాణంలో ఒక కొత్త పద్ధతి నిలబడిపోయింది. బాపు ప్రతి రవికెనూ మడిచి, దాని నుంచి కోసిన చిన్న చిన్న ముక్కలన్నీ మెడలో పెట్టి, ఒక దారం చుట్టి ఇచ్చేవాడు. తీసుకున్న ఆడవాళ్లు అక్కడికక్కడే దారం విప్పి, ఆ ముక్కల్లో మంచివి ఏరి నా చేతిలో పెట్టి, మాకూ ఒకటి కుట్టు బిడ్డ అనేవాళ్లు. నేను దొంగచాటుగా పెట్టెలోంచి ఏరుకున్న ముక్కలే ఇప్పుడు అడిగి మరీ ఇస్తున్నారు. లింగంపేట నుంచి, గాంధారి తండాల నుంచి కూడా బాపు దగ్గరికి బట్టలు రావడం మొదలైంది. అడిగితే, పీలిక కూడా దాచుకోని దర్జీ అని విని వచ్చామనేవాళ్లు. అప్పుడు బాపు సుద్ద తీసుకుని గీత గీసేవాడు. ఆ గీత మాత్రం మరింత ఒద్దికగా పడేది.

నాకు పెళ్లయి కామారెడ్డి వచ్చి నలభై ఏళ్లు కావస్తోంది. ఇక్కడ మా ఇంటి వరండాలో ఇప్పుడు నా దగ్గర ఏడెనిమిది మంది ఆడవాళ్లు ముక్కలతో మసిబట్టలు, కాళ్లు తుడుచుకునే పట్టాలు, కూరగాయల సంచులు కుట్టడం నేర్చుకుంటున్నారు. వాళ్లకు నేను కైంచి ముందు ఇవ్వను. అంచులు సక్కగా కోసుకుంటే తొందరగా అయిపోతుంది కదమ్మా అని వాళ్లు విసుక్కుంటారు. అయితే అవుతుంది, వద్దు అంటాను. ఎందుకో అడిగితే ఈ కథ చెప్పి, ఒక గంట పని చెడగొడతాను.

మొన్నామధ్య కామారెడ్డిలో డాక్టరు దగ్గర వరసలో కూర్చుంటే పక్కన లింగంపేట ముసలమ్మ ఒకామె మాటలు కలిపింది. ఏ ఊరు అంటే పుట్టిల్లు ఎల్లారెడ్డి అన్నాను. ఎవరింటి పిల్లవని అడిగింది. దర్జీ బిడ్డనని చెప్పాను. ఆమె కళ్లద్దాలు సవరించుకుని నా వైపు తిరిగింది.

“మెడ ముక్కలు వాపస్ ఇచ్చే దర్జీ ఉండె. ఆయన బిడ్డవా?”

బాపు పోయి పద్దెనిమిదేళ్లు దాటింది. ఆ దుకాణం లేదు, ఆ మిషను ఎవరి దగ్గరుందో కూడా తెలియదు. నోరున్నదాన్ని, మామూలుగా అయితే అరగంట మాట్లాడేదాన్ని. కానీ అప్పుడు, అవునవ్వా, ఆయన బిడ్డనే అని మాత్రం అనగలిగాను. ఆమె తన పక్కనున్న కోడలిని మోచేత్తో పొడిచి, ఇగో సూడు, నేను చెప్పలే, ఆయన బిడ్డ అంటూ నన్ను చూపించింది. ఆ కోడలు లేచి, నన్ను ముందు పొమ్మని వరసలో జాగా ఇచ్చింది. ముక్కూ ముఖం తెలియని మనిషి, మా బాపును ఒక్కసారీ చూడని మనిషి, ఆయన పేరు మీద నాకు లేచి దారి ఇచ్చింది. ఆ దారిలో నేను తల ఎత్తుకుని నడిచాను.